తొలి పూట పాలు, నాలుగో నెల టీకా

గుర్రప్పిల్ల పుట్టిన గంటకల్లా లేచి నిలబడుతుంది. రెండో గంటలో తల్లి పొదుగు వెతుక్కుంటుంది. ఆ సమయానికి దాని రక్తంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు దాదాపు ఉండవు. పదకొండు నెలలు కడుపులో పెరిగినా, తల్లి జీవితకాలమంతా కూడబెట్టుకున్న రోగనిరోధక శక్తిలో చుక్కయినా దానికి అందదు. బర్రె దూడదీ, ఆవు లేగదీ, గొర్రెపిల్లదీ ఇదే పరిస్థితి. అయితే ఈ విషయాన్ని అంగుళం అంగుళం కొలిచి చూసింది ఎక్కువగా గుర్రాల దగ్గరే. రేసు గుర్రం ఖరీదైనది కాబట్టి ప్రతి పిల్ల రక్తాన్నీ పరీక్షించారు, ప్రతి మరణానికీ కారణం వెతికారు. దుడ్డె చచ్చిపోతే అంత వెతికేవాళ్లు లేరు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో గుర్రాలు పెళ్లి బరాత్‌లలో తప్ప పెద్దగా కనపడవు. ఇక్కడ ఈ ప్రశ్న బర్రె కొట్టంలో, గొర్రెల మందలో పుడుతుంది. గుర్రప్పిల్ల నేర్పిన పాఠాన్ని ఆ కొట్టం దాకా తీసుకురావాలన్నదే ఈ వ్యాసం ప్రయత్నం. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలూ విడిపోయి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలయ్యాయి. కొంత భూభాగం పక్క జిల్లాల్లోకీ వెళ్లింది. పశువుల సంగతి మాట్లాడేటప్పుడు పాత జిల్లాల పేర్లే సౌకర్యం.

మొదట మాయ సంగతి. మనిషి గర్భంలో తల్లి రక్తం, బిడ్డ రక్తం మధ్య అడ్డుపొర పలచన. చివరి మూడు నెలల్లో తల్లి యాంటీబాడీలు మాయను దాటి బిడ్డకు చేరతాయి. మనిషి బిడ్డ కొంత రక్షణతోనే పుడుతుంది. గుర్రం, పంది, ఆవు, బర్రె, గొర్రె, మేకల మాయ నిర్మాణం వేరు. పొరలు ఎక్కువ, యాంటీబాడీల వంటి పెద్ద మాంసకృత్తులు దాటలేవు. ఆహారం, ప్రాణవాయువు వెళతాయి, రక్షణ ఆగిపోతుంది. ఆగిపోయిన ఆ రక్షణ అంతా కాన్పుకు ముందు వారాల్లో పొదుగులోకి మళ్లుతుంది. తల్లి రక్తంలోని యాంటీబాడీలను పొదుగు ఏరి ఏరి తెచ్చుకుని ముర్రుపాలలో నిల్వ చేస్తుంది. ఈనిన వెంటనే పిండిన పాలు చిక్కగా, పసుపు రంగులో ఉండటానికి ఆ నిల్వ ఒక ముఖ్య కారణం.

పాల ద్వారా రక్షణ అందుతుందని మొదట నిరూపించింది 1892లో జర్మన్ శాస్త్రవేత్త పౌల్ ఎర్లిక్. ఆయన వాడిన విషాలు మన చేలగట్ల మీద దొరికేవే: ఆముదం గింజలోని రైసిన్, గురివింద గింజలోని అబ్రిన్. ఎలుకలకు ఆ విషాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేసి, అవి తట్టుకునే స్థితికి వచ్చాక, వాటి పిల్లలను మామూలు ఎలుకల పిల్లలతో మార్చి పాలు తాగించాడు. తట్టుకునే తల్లి పాలు తాగిన పిల్లలు, అవి ఎవరి కడుపున పుట్టినా సరే, విషాన్ని తట్టుకున్నాయి. రక్షణ పాలల్లోంచి వస్తుందని అలా తేలింది. తర్వాత ముప్పై ఏళ్లకు, 1922లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే ఇద్దరు ఆవు దూడల మీద ఇదే ప్రశ్న వేశారు. ముర్రుపాలు తాగిన దూడలు బతికాయి. తాగనివ్వని దూడల్లో ఎక్కువ భాగం, ఆవు పేగుల్లో మామూలుగా ఉండే సూక్ష్మజీవుల చేతిలోనే చనిపోయాయి. ఈ ఫలితాన్ని ఆ తర్వాత వందేళ్లలో ఎవరూ తోసిపుచ్చలేదు. ఎందుకు, ఎంత, ఎప్పుడు అన్న వివరాలు చేరాయి.

ఆ వివరాల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది 'ఎప్పుడు'. అప్పుడే పుట్టిన దూడ పేగు గోడలో కొన్ని ప్రత్యేకమైన కణాలుంటాయి. అవి యాంటీబాడీని ముక్కలు చేయకుండా, అరిగించకుండా, యథాతథంగా మింగి రక్తంలోకి వదులుతాయి. ఆ కణాల ఆయుష్షు కొద్ది గంటలు. గుర్రప్పిల్లలో మొదటి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పీల్చుకునే శక్తి బాగా ఉంటుంది, ఆపైన వేగంగా తగ్గి ఒక రోజు నిండేసరికి ఆగిపోతుంది. దూడలోనూ, గొర్రెపిల్లలోనూ లెక్క దాదాపు ఇంతే. రెండో రోజు బిందెడు ముర్రుపాలు తాగించినా, పేగు లోపలి గోడకు కొంత కాపుదల దొరుకుతుందేమో గానీ రక్తంలోకి చేరేది ఉండదు.

ఎంత చేరిందో కొలవడానికి కొన్ని హద్దులు పెట్టుకున్నారు. గుర్రప్పిల్ల రక్తరసిలో ఇమ్యునోగ్లోబ్యులిన్ జి అనే యాంటీబాడీ లీటరుకు 8 గ్రాములు దాటితే సరిపోయినట్టు, 4 లోపు ఉంటే తల్లి రక్షణ అందనట్టు. ఆవు దూడలకు చాలాకాలం 10 గ్రాముల హద్దు పెట్టుకున్నారు. 2020లో అమెరికా పశువైద్య నిపుణులు దాన్ని నాలుగు తరగతులుగా విడగొట్టారు: 10 లోపు బలహీనం, 25 దాటితే ఉత్తమం. బతికిందా చచ్చిందా అన్న లెక్క పక్కనపెట్టి, ఎన్నిసార్లు జబ్బు పడింది, ఎంత పెరిగింది అని చూస్తే 10 గ్రాముల గీత చాలా తక్కువని తేలడమే ఈ మార్పుకు కారణం. ఈ మార్పు మనకు ముఖ్యం. మన దగ్గర 'దూడ బతికింది కదా' అన్న మాటతో చర్చ ముగిసిపోతుంది. బతికిన దూడ ఎప్పుడు ఎదకు వచ్చింది, తొలి ఈత ఎన్నేళ్లకు ఈనింది అన్న లెక్కలోనూ ఆ మొదటి పూట పాలు ఉంటాయి.

ఇక మన కొట్టంలోకి వద్దాం. ఇక్కడ ముర్రుపాలకు దూడతో పాటు ఇంకో వాటాదారు ఉంది, జున్ను. బర్రె ఈనిందంటే వాడకట్టుకంతా జున్ను పంచడం మన ఇళ్లలో ఆప్యాయతకు గుర్తు. ఆ ఆప్యాయతను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అయితే జున్ను గట్టిగా పేరుకోవడానికి కారణమేమిటో చూడాలి. మామూలు పాలు కాస్తే పొంగుతాయి, పేరుకోవు. ముర్రుపాలు వేడికి గడ్డకట్టేది వాటిలో వేడికి గట్టిపడే మాంసకృత్తులు విపరీతంగా ఉండటం వల్ల, వాటిలో పెద్ద భాగం యాంటీబాడీలే. తోడు లేకుండా, ఏమీ కలపకుండా కత్తితో కోయగలిగేంత గట్టి జున్ను అయిందంటే ఆ పాలలో యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నాయన్న మాట. ఇంటావిడ 'మొదటి పూట పాలైతేనే జున్ను బాగుంటది' అంటుంది. ఆమె పరిశీలన నూటికి నూరు పాళ్లు నిజం. దూడకు కావలసినవీ సరిగ్గా ఆ పాలే. పైగా వండిన జున్నులో యాంటీబాడీలు మిగలవు, 60 డిగ్రీలు బాగా దాటిన వేడికి అవి చెడిపోతాయి. కాచిన ముర్రుపాలు దూడకు పోసినా రక్షణ రాదు.

అలాగని జున్నును మానేయాల్సిన పని లేదు. దూడ బరువులో పదోవంతు పాలు మొదటి ఆరు గంటల్లో రెండు విడతలుగా అందితే చాలునని పశువైద్యుల సిఫార్సు. ముప్పై కిలోల దుడ్డెకు మూడు లీటర్లు, ఇరవై కిలోల నాటు ఆవు లేగకు రెండు లీటర్లు. మంచి బర్రె తొలి పూటే దాదాపు అంత ఇస్తుంది. తొలి పూట పాలు దూడవి, రెండో పూట నుంచి ఇంటివి అని పంచుకుంటే ఎవరి వాటా వారికి అందుతుంది. రెండో మూడో పూట జున్ను కొంచెం పలచగా ఉంటుంది. ఆ మాత్రం తేడాను ఇల్లు భరించగలదు, దూడ భరించలేదు.

జున్ను కంటే ఎక్కువ నష్టం చేసే ఆచారం ఇంకొకటి ఉంది. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వకపోవడం. పాలు తాగితే మాయ పడదని కొందరు, చిక్కటి పాలకు దూడ పారుకుంటుందని కొందరు నమ్ముతారు. బర్రెకు మాయ పడటానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పట్టడం మామూలే. రాత్రి పదింటికి ఈనితే మాయ తెల్లవారి పడుతుంది. ఆలోగా పేగు తలుపు సగానికి పైగా మూసుకుపోయింది. నిజానికి దూడ పొదుగును కుమ్మి చీకినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. పాలు చేపడానికీ, గర్భసంచి ముడుచుకుని మాయను తోయడానికీ అదే హార్మోను. అంటే దూడను వెంటనే వదలడం మాయ పడటానికి సాయం. ముర్రుపాలకు దూడ కొంచెం పలచగా పెంట వేస్తే అది పుట్టుక నాటి మలం బయటికి పోవడమే. భయపడాల్సిన తెల్లపారుడు వేరు. ముర్రుపాలు తాగని దూడలకే అది ఎక్కువ.

ఈ గంటల్లో పశువైద్యుడు అక్కడ ఉండడు. ఇంటింటికీ తిరిగి పశుసేవ చేసే గోపాలమిత్ర ఉండడు. ఉండేది ఆ ఇంటి ఆడమనిషి. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో ఆడవాళ్లే సభ్యులుగా, ఆడవాళ్లే పాలకవర్గంగా ఈ శతాబ్దం మొదట్లో పాల సహకార సంఘం నిలబడింది. 1956లో మొదలైన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు నీడలో ఎదిగిన ఆలోచన అది. పాలల్లో వెన్న శాతాన్ని పూటపూటా కొలుచుకునే ఆడవాళ్లున్న చోట ముర్రుపాల చిక్కదనాన్ని కొలవడం పెద్ద పని కాదు. బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం ఉంది, పండ్ల రసంలో చక్కెర కొలవడానికి వాడేదే. దాని గాజు మీద ఒక చుక్క ముర్రుపాలు వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే గీత 22 దాటితే పాలు మంచివి. ఆవు పాలకు లెక్కగట్టిన ఈ హద్దును బర్రె పాలకు సరిచూసుకోవలసి ఉంటుంది. పాల కేంద్రాలు ఈనిన కొత్తలో పాలు తీసుకోవు, ఆహార ప్రమాణాల ప్రకారం ముర్రుపాలు కలిసినవి పాలే కావు. కాబట్టి కేంద్రానికీ ముర్రుపాలకూ ఇప్పటిదాకా సంబంధం లేదు. సంబంధం పెట్టుకోవలసిన చోటు మాత్రం అదే. ఒక బర్రె దగ్గర మిగిలిన మంచి ముర్రుపాలను సీసాలో పోసి ఇంటి ఫ్రీజర్‌లోనే నెలల తరబడి నిల్వ ఉంచవచ్చు. తల్లి చచ్చిన దూడకో, పొదుగువాపు వచ్చిన బర్రె దూడకో గోరువెచ్చని నీటిలో పెట్టి కరిగించి పోయవచ్చు.

దున్న దూడలు, జెర్సీ సంకర జాతి కోడె దూడల సంగతి ఇక్కడ తప్పించుకోలేం. ట్రాక్టర్ వచ్చాక మగ దూడకు పని పోయింది. పాలు చేపడానికి మాత్రం దాన్ని పొదుగు దగ్గరికి వదిలి వెంటనే కట్టేస్తారు. దూడ చచ్చాక బర్రె చేపక ఇబ్బంది పడ్డ రైతులు ఎందరో. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు ఈ ప్రాంతపు గుండెల్లో ఉన్న ఆచారం. భక్తులు సమర్పించిన కోడెలను ఉంచే తిప్పాపూర్ గోశాలలో 2025 వేసవి చివర్లో కోడెల మరణాలు వార్తలకెక్కి అందరినీ బాధపెట్టాయి. రోగనిరోధక శాస్త్రం వైపు నుంచి చూస్తే ఇలాంటి చోటు దూడకు అత్యంత కఠినమైన పరీక్ష. వేర్వేరు ఊళ్ల నుంచి వేర్వేరు సూక్ష్మజీవులు ఒక్కచోట చేరతాయి. వచ్చిన దూడల్లో పాలు మానని వయసువి ఉంటాయి, తల్లి రక్షణ తరిగిపోయి సొంత రక్షణ ఇంకా నిలదొక్కుకోనివి ఉంటాయి. మొదటి పూట పాలు తాగాయో లేదో ఎవరికీ తెలియదు. మేత, నీడ, డాక్టరు అన్నీ సమకూర్చినా ఆ లోటు తీరదు. మొక్కు చెల్లించే కోడె పాలు మాని, ఆరు నెలలు నిండి, టీకాలు పడినదై ఉండాలన్న ఒక్క నియమం వస్తే భక్తికి లోటు రాదు, ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

పై పేరాలో 'తరిగిపోయి' అన్నాను. ఆ తరుగుదలకు ఒక లెక్క ఉంది. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు దాదాపు మూడు వారాలకోసారి సగానికి పడిపోతాయి. 16 గ్రాములతో మొదలైన దూడకు మూడు వారాలకు 8, ఆరు వారాలకు 4, పన్నెండు వారాలకు 1 మిగులుతుంది. 4 గ్రాములతో మొదలైన దూడ ఆ 1 గ్రాము దగ్గరికి ఆరు వారాలకే చేరుతుంది. ఒకే రోజు పుట్టిన రెండు దూడల్లో ఒకటి నెలన్నర ముందే ఒంటరిదవుతుంది. గుర్రప్పిల్లల్లో ఒకటి నుంచి మూడు నెలల మధ్య ఈ లోయ కనపడుతుంది. తల్లిది తరిగింది, తనది ఇంకా చాలినంత లేదు.

సొంత రక్షణ ఎలా పెరుగుతుంది? పుట్టేసరికే దాని పనిముట్లన్నీ ఉన్నాయి. గుర్రపు పిండం గర్భంలోనే కొద్దిగా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎమ్ తయారు చేసుకుంటుంది. తెల్లకణాలున్నాయి, మెడ దగ్గరి థైమస్ గ్రంథి పెద్దగా, చురుకుగా ఉంది. లేనిది అనుభవం. ఏ సూక్ష్మజీవి శత్రువో, ఏది పొట్టలో కాపురముండే చుట్టమో ఒక్కొక్కటిగా నేర్చుకోవాలి. గుర్రప్పిల్లలో కొన్ని రకాల ఇమ్యునోగ్లోబ్యులిన్ జి కొద్ది వారాలకే సొంతంగా తయారవుతుంది, ఇంకొన్ని రకాలు పెద్ద గుర్రం స్థాయికి రావడానికి ఏడాది దగ్గరపడుతుంది. కణాల లోపల దాక్కునే సూక్ష్మజీవులను చంపడానికి కావలసిన ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం పుట్టిన కొత్తలో చాలా తక్కువ. రోడోకాకస్ ఈక్వి అనే బ్యాక్టీరియాను 1923లో స్వీడన్‌లో మాగ్నుసన్ గుర్తించాడు. అది పెద్ద గుర్రాన్ని సాధారణంగా ఏమీ చేయదు. ఆరు నెలల లోపు పిల్లకు ఊపిరితిత్తుల్లో గడ్డలు పుట్టించి చంపుతుంది. తల్లి యాంటీబాడీలు పుష్కలంగా ఉన్న పిల్లకూ అది వస్తుంది, ఎందుకంటే అది యాంటీబాడీ చేరలేని చోట, తెల్లకణం కడుపులోనే నివసిస్తుంది. ముర్రుపాల గురించి ఇంత గట్టిగా చెప్పాక ఇదీ చెప్పాలి. వాటికీ హద్దుంది. ఆ తర్వాత శుభ్రమైన నేల, గాలాడే కొట్టం, ఇరుకు లేని కట్టుగొయ్య కాపాడాలి.

ఎరువు తెచ్చుకున్న రక్షణ ఎంతకాలం నిలుస్తుందో ప్రకృతే ఒక క్రూరమైన ప్రయోగంతో చూపింది. అరబ్బీ గుర్రాల్లో ఒక జన్యులోపం ఉంది, 1973లో మొదట వర్ణించారు. ఆ లోపంతో పుట్టిన పిల్ల సొంతంగా యాంటీబాడీలు గానీ, టీ కణాలు గానీ తయారు చేసుకోలేదు. ముర్రుపాలు తాగితే మొదట్లో మామూలు పిల్లలాగే గంతులేస్తుంది. తల్లి ఇచ్చింది తరిగేకొద్దీ ఒక్కో జబ్బూ పట్టుకుని, అయిదు నెలలు దాటకుండానే చనిపోతుంది. 1997లో ఆ జన్యువు దొరికింది. ఇప్పుడు రక్తపరీక్షతో వాహక గుర్రాలను గుర్తించి జత కట్టించకుండా చూస్తున్నారు.

గొర్రెపిల్లది మరో ఆశ్చర్యం. యాంటీబాడీలు తయారు చేసే బీ కణాలు మనిషిలో ఎముక మజ్జలో తయారవుతాయి. గొర్రెపిల్లలో, లేగదూడలో వాటికి వైవిధ్యం వచ్చే ముఖ్యమైన చోటు చిన్నపేగు చివరనున్న ఒక పొడవాటి కండచార, పేయర్ పాచెస్. పుట్టిన రెండు మూడు నెలలకు అది గరిష్ఠంగా పెరిగి, ఏడాదిన్నర నాటికి కరిగిపోతుంది. అంటే గొర్రెపిల్ల రోగనిరోధక వ్యవస్థ పెరిగే బడి దాని పేగులోనే ఉంది. ఆ మూడు నెలల్లో పారుడు రోగాలు, పేగు పురుగులు వస్తే, బరువు తగ్గడం ఒక్కటే నష్టమని నేననుకోను.

పేగు పురుగుల్లో ఒకటి ముర్రుపాల కథకు చేదు మలుపు. బర్రె దూడల్లో ఏలికపాములు ఎక్కువ. వాటి పిల్లపురుగులు చూడి బర్రె కండరాల్లో నిద్రాణంగా ఉండి, కాన్పు నాటికి పొదుగులోకి చేరి, పాలతో పాటే దూడ కడుపులోకి దిగుతాయి. రక్షణ తెచ్చిన పాలే పురుగునూ తెస్తాయి. అందుకని పాలు ఆపేయకూడదు. పది పన్నెండు రోజులకు మొదటి నట్టల మందు వేయాలి. వెంట్రుకలు లేచి, పొట్ట ఉబ్బి, మట్టిరంగు పారుడుతో నీరసించే దుడ్డెలకు అవసరమైంది చాలాసార్లు ఈ ఒక్క మందే.

ఇక టీకాల దగ్గరికి. తల్లి యాంటీబాడీలు ఒంట్లో ఉండగా టీకా వేస్తే అవి టీకానే శత్రువనుకుని తుడిచేస్తాయి. దూడకు సొంత పాఠం అందదు. మరీ ఆలస్యం చేస్తే ఆ లోయలో జబ్బు పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య సన్నని దారిలో టీకాల పట్టిక నడుస్తుంది. గాలికుంటుకు నాలుగో నెలలో మొదటి టీకా, నెల తర్వాత బూస్టరు, ఆపైన ఆరు నెలలకోసారి. గొంతువాపు, జబ్బవాపులకు ఆరో నెలలో, తర్వాత ఏటా వానలకు ముందు. బ్రూసెల్లాకు నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడ దూడలకు జీవితంలో ఒక్కసారి. గొర్రెపిల్లలకు పీపీఆర్ అనే రోగానికి టీకా మూడు నాలుగు నెలలు నిండాక. పీపీఆర్‌ను మన దేశంలో మొదట 1987లో తమిళనాడులో గుర్తించారు, ఇప్పుడున్న టీకా ఒక్కసారి వేస్తే మూడేళ్లు పనిచేస్తుంది.

2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం గాలికుంటు, బ్రూసెల్లా టీకాలను దేశమంతటా ఉచితంగా తెచ్చింది. గొప్ప పని. నా అభ్యంతరం ఒక్క విషయంలోనే. క్యాంపు క్యాలెండరు ప్రకారం వస్తుంది, దూడ తన వయసు ప్రకారం పెరుగుతుంది. క్యాంపు రోజున మూడు నెలలున్న దూడను వదిలేస్తే మళ్లీ రౌండు వచ్చేసరికి దానికి తొమ్మిది నెలలు. బ్రూసెల్లా వయసు దాటిపోయింది, గాలికుంటు లోయ అంతా టీకా లేకుండానే నడిచింది. నాలుగు నెలలు నిండి టీకా పడిన దూడకు నెల తర్వాత వేయాల్సిన బూస్టరు కోసం ఎవరూ మళ్లీ రారు. చెవికి పోగు వేసి పుట్టిన తేదీ రాసుకునే పద్ధతి ఎలాగూ వచ్చింది. ఆ తేదీ చూసి నెలకోసారి దూడల కోసమే ఒక చిన్న రౌండు తిరగడం పశువైద్యశాలకు సాధ్యమే.

ఇంకో దారి తల్లికి టీకా వేయడం. కాన్పుకు నాలుగు నుంచి ఆరు వారాల ముందు టీకా వేస్తే ఆ యాంటీబాడీలు ముర్రుపాలలో చేరతాయి. గుర్రాల పెంపకంలో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. గొర్రెలకు చిటుక రోగం టీకా ఇలా వేస్తే పిల్లలకు మొదటి వారాల్లో కాపు దొరుకుతుంది. మన మందల్లో చూడి గొర్రెను ముట్టుకుంటే ఈసుకుపోతుందన్న భయం ఉంది. మొరటుగా పట్టి పడేస్తే ఆ భయం నిజమవుతుంది. నెమ్మదిగా పట్టి వేస్తే చంపిన సూక్ష్మజీవులతో చేసిన టీకాకు భయం లేదు.

చూడి తల్లి ఏ ఊరి సూక్ష్మజీవుల మధ్య బతికిందన్నదీ ముఖ్యమే. ముర్రుపాలలోని యాంటీబాడీలు తల్లి గతానికి జ్ఞాపకాలు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. 2021లో రెండో విడత హుజూరాబాద్ ప్రాంతం నుంచి సాగింది. 2018లో విజయ, కరీంనగర్, ముల్కనూరు డెయిరీల రైతులకు సబ్సిడీ పాడి పశువులు ఇచ్చారు. చాలా జీవాలు పక్క రాష్ట్రాల నుంచి, కొన్ని ఉత్తరాది నుంచి వచ్చాయి. నిండు చూలుతో వందల మైళ్లు లారీలో ప్రయాణించి, దిగిన వారానికే ఈనిన గొర్రె తన పిల్లకు ప్రకాశం జిల్లా రోగాల మీద రక్షణ ఇస్తుంది, పెద్దపల్లి మంద రోగాల మీద ఇవ్వదు. ప్రయాణపు ఒత్తిడికి తల్లి పాలూ తగ్గుతాయి. కాన్పుకు కనీసం నెలన్నర ముందే జీవాన్ని కొత్త చోటికి చేర్చాలన్నది పశుపోషణలో పాత సూత్రం. కొనుగోలు కమిటీలు పళ్లు చూశాయి, బరువు చూశాయి, చూలు ఎన్ని నెలలో చూడటం అంతే అవసరం. ఈ నేలకు అలవాటుపడ్డ నల్ల దక్కని గొర్రె, గొంగడికి ఉన్ని ఇచ్చేది, మందల్లో తగ్గిపోతుండటం ఈ కోణంలోనూ నష్టమే.

ఆదిలాబాద్ వైపు లెక్కలు కొంచెం మారతాయి. అక్కడ పశువు అడవికి మేతకు వెళుతుంది, ఊరు ఆసుపత్రికి దూరం, వానాకాలంలో వాగులు అడ్డం. పొలాల అమావాస్య నాడు ఎడ్లకు చేసే పూజ చూస్తే పశువు మీద ఆ నేలకున్న ప్రేమ తెలుస్తుంది. చలి ఆ జిల్లా ప్రత్యేక సమస్య. ఆసిఫాబాద్ అడవి ఊళ్లలో డిసెంబరు, జనవరి రాత్రులు 5 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. బర్రెలు ఎక్కువగా ఈనేది వానాకాలం నడుమ నుంచి చలికాలం దాకా. తడి ఒంటితో చలికి వణికే దూడ లేవడానికి ఆలస్యం చేస్తుంది, చీకడానికి ఆలస్యం చేస్తుంది, తాగిన దాన్ని పీల్చుకోవడమూ మందగిస్తుంది. గోనెపట్టాతో ఒళ్లు తుడిచి, గడ్డి పరిచి, పట్టుకుని పొదుగుకు అందించడం అక్కడ టీకాతో సమానమైన పని. రెండున్నర కిలోల గొర్రెపిల్లకైతే మొదటి రెండు గంటల్లో 125 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుకు కొంచెం ఎక్కువ, రోజంతా కలిపి అర లీటరు.

మళ్లీ గుర్రం దగ్గరికి వద్దాం. 2022లో లంపీ స్కిన్ వ్యాధి దేశాన్ని చుట్టినప్పుడు దూడలు ఎక్కువ దెబ్బతిన్నాయి. దానికి మన దేశపు సొంత టీకాను తయారు చేసింది హిస్సార్‌లోని జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థతో కలిసి. గుర్రం మన పొలానికి ఇంకో దారిలోనూ వస్తుంది. పెద్దపల్లి వరిచేలో కట్లపాము కాటేసిన రైతుకు ఆసుపత్రిలో ఎక్కించే మందు గుర్రం రక్తంలోని యాంటీబాడీలే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం అలవాటు చేసి, అది తయారు చేసుకున్న రక్షణను మనిషి ఒంట్లోకి ఎక్కిస్తారు. ఎర్లిక్ ఎలుకల్లో చూసింది, బర్రె తన దూడకు ఇచ్చేది, సర్కారు దవాఖానలో సీసాలో ఉన్నది ఒకే జాతి రక్షణ. ఎరువుది కాబట్టి కొన్నాళ్లే ఉంటుంది, కానీ ఆ కొన్నాళ్లలోనే ప్రాణం నిలబడుతుంది.

ఈ మొత్తం విషయంలో మన ప్రాంతానికి అన్నిటికన్నా అవసరమైనది మన కొట్టాల కొలత. హద్దులన్నీ గుర్రప్పిల్లల మీద, విదేశీ ఆవు దూడల మీద కట్టినవి. దేశంలో ముర్రా బర్రెల మీద జరిగిన పనిలో ఎక్కువ భాగం పెద్ద ఫారాలది. రెండు బర్రెలున్న ఇంట్లో, రాత్రి ఈనిన దుడ్డె రెండో రోజున రక్తంలో ఎంత రక్షణతో ఉంటుంది? మాయ కోసం ఆపిన ఇంటికీ, ఆపని ఇంటికీ తేడా ఎంత? దున్న దూడకూ ఆడ దూడకూ తేడా ఎంత? కోరుట్ల పశువైద్య కళాశాల ఈ జిల్లాల నడుమే ఉంది. రెండో రోజు దూడ మెడ నుంచి అయిదు మిల్లీలీటర్ల రక్తం తీసి, రసిని అదే రిఫ్రాక్టోమీటరు మీద చూడటానికి ప్రయోగశాల కూడా పెద్దగా అక్కర్లేదు. ముల్కనూరు, కరీంనగర్ డెయిరీల సభ్యుల ఇళ్లలో ఈ చలికాలం ఈనే బర్రెలతో ఆ పని మొదలుపెట్టవచ్చు.